పొద్దు గూకని వార్డు

“నా కూతురి నిద్ర దోచుకుంది మీరే. జబ్బు కాదు, గిబ్బు కాదు. మీరే. మీ ఆస్పత్రే.”

అత్తగారు ఈ మాట అనేసరికి అవతలివాళ్లు ఫోను పెట్టేసి చాలాసేపయింది. ఆ సంగతి ఆవిడకి చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. కొడుకు గోడకేసి చూస్తున్నాడు. కోడలు బస్సు తాళాలు గుప్పిట్లో బిగించి గుమ్మంలోనే నిలబడిపోయింది. పొద్దుటి ట్రిప్పులో బడి పిల్లల్ని దింపి అప్పుడే ఇంటికొచ్చింది. కాళ్లకి చెప్పులింకా అలాగే ఉన్నాయి.

వీధివీధంతా ఆమెని బస్సు వదిన అంటుంది. ఆ పేరు పెట్టింది ఆడపడుచు చిట్టి. మా వదిన స్టీరింగు పట్టుకుంటే ఎద్దులు కూడా ఎడమ పక్కనే నడుస్తాయని ఊరంతా చాటింది కూడా చిట్టే. ఇప్పుడు ఫోనొచ్చింది ఆ చిట్టి గురించే.

ఆస్పత్రివాళ్లు చుట్టూ తిప్పకుండా చెప్పేశారు. చిట్టికి నిద్ర పట్టడం లేదు. మాట ఆగడం లేదు. భోజనాల గదిలో బల్ల కిందికి దూరి కూర్చుంటోంది. ఇలాంటి మనిషిని ఈ వార్డులో ఉంచుకోలేం, రేపు పొద్దున్నే లోపలి వార్డుకి మారుస్తాం, ఇంటివాళ్లెవరైనా సాయంత్రం వచ్చి సంతకం పెట్టండి అన్నారు.

లోపలి వార్డు. ఆ మాట చెవిన పడ్డాక వదినకి చెప్పులు విప్పాలని కూడా గుర్తు రాలేదు.

చిట్టి ఇదివరకు ఒకసారి ఆ లోపలికి వెళ్లొచ్చింది. అక్కడ కిటికీ ఉండదు. కెమెరాకి మనిషి కనబడాలని రాత్రింబవళ్లు ట్యూబులైట్లు వెలుగుతూనే ఉంటాయి. నిద్ర పట్టని మనిషికి అదట వైద్యం! ఆకలితో ఉన్నవాడి మూతి కట్టేసి తినమన్నట్టు. బయటికొచ్చాక చిట్టి నెలల తరబడి నోరు విప్పలేదు. అన్నం కలిపిన చెయ్యి నోటిదాకా వెళ్లి, ఎందుకొచ్చానా అని మరిచిపోయినట్టు అక్కడే ఆగిపోయేది. మళ్లీ నవ్వడానికి ఏడాది దాటింది. ఈసారి వెళ్తే తిరిగొచ్చేది చిట్టేనా, చిట్టి బట్టలు కట్టుకున్న ఇంకెవరైనానా?

“సంతకం పెట్టేద్దాం,” అన్నాడు కొడుకు, గోడతోనే.

అతనికి చెప్పుల కొట్లో పని. పొద్దస్తమానం ఒకరి పాదాల దగ్గర కూర్చుని, మీరు చెప్పిందే కరెక్టు సార్ అంటూ బతికాడు. ఇంటికొచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు.

“మొన్నటిదాకా బాగానే ఉంది కదా. వేళకి పడుకుంది, వేళకి తిన్నది. మధ్యలో ఏమయింది?” అంది వదిన.

“ఏమయిందో నాకేం తెలుసు? డాక్టర్లకంటే ఎక్కువ తెలుసా మనకి?”

“అడగడానికి తెలియాలా?”

అతను గోడ మీంచి చూపు తిప్పి ఆమె మీద పెట్టాడు. “ఆ ఆస్పత్రే కావాలన్నది నువ్వు. లైట్లు బాగున్నాయని నా చెల్లెల్ని తీసుకెళ్లి చేర్పించావు. అదేమన్నా ఫోటో స్టూడియోనా?”

అత్తగారు కొడుక్కి వంత పాడింది. నేను అప్పుడే అన్నాను, నా మాట ఎవరు విన్నారు, కోడలిదే రాజ్యం అయిపోయింది అని మొదలుపెట్టి, మధ్యలో ఎందుకో ఆగిపోయి, కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఎంత తుడిచినా ఆ అద్దాలు శుభ్రపడలేదు కాబోలు, తుడుస్తూనే ఉంది.

వదిన అప్పటికి చెప్పులు విప్పి లోపలికొచ్చింది. అతనన్నది అబద్ధం కాదు. లైట్ల కోసమే చేర్పించింది.

చిట్టి బుర్ర చెడగొట్టింది కూడా లైట్లే. పార్సిళ్ల డిపోలో రాత్రి షిఫ్టు. తెల్లవార్లూ పట్టపగల్లాంటి వెలుగులో పెట్టెలు వేరుచేసే పని. ఒక వారం రాత్రి, ఒక వారం పగలు, మళ్లీ రాత్రి. ఒంటికి ఏ పూట ఏదో తెలియకుండా చేశారు. చెయ్యించినవాడు మాత్రం కిటికీలకి దళసరి తెరలు దించుకుని హాయిగా గుర్రుపెట్టాడు. మన పిల్లల నిద్ర అమ్ముకునే వాళ్లందరి పడగ్గదులూ చీకటిగానే ఉంటాయి, చూడండి!

చిట్టి ఇప్పుడున్న కొత్త వార్డులో సంగతి వేరు. పైకప్పు లైట్లు పొద్దుతో పాటు నడిచేవి. పొద్దున్న తెల్లగా, కాస్త నీలం కలిసిన ఆకాశంలా. సాయంత్రానికి పసుపు తిరిగి, భోజనాలయ్యేసరికి ఆరబోయే నిప్పుల రంగు. తర్వాత నేల దగ్గర దారి కనబడేంత వెలుతురే. చేర్పించిన రోజు డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. లైటు మందు కాదమ్మా, మందు మందే. కానీ ఒంట్లో ఒక గడియారం ఉంటుంది. దానికి కీ ఇచ్చేది కంట్లో పడే వెలుతురు. సాయంత్రమైనా తెల్లటి వెలుగు కొడుతుంటే ఒళ్లు ఇంకా పగలే అనుకుంటుంది. ఈ జబ్బు మనిషికి నిద్ర తప్పిందంటే ఎండుగడ్డి మీద నిప్పు పడ్డట్టే.

ఆ వార్డులో చిట్టి నిజంగానే నిద్రపోయింది. పేకాటలో వదినని ఓడించింది కూడా. ఇంకొన్నాళ్లలో ఇంటికి పంపిస్తామన్నారు. అంతలో ఇంకో డ్రైవరు మంచాన పడి, సాయంత్రం ట్రిప్పులన్నీ వదిన నెత్తిన పడ్డాయి. రోగుల్ని చూడనిచ్చేది సాయంత్రమే. అప్పట్నుంచి అత్తగారే వెళ్లొస్తోంది.

ఇవాళ ఏ ట్రిప్పు ఏమైనా సరే నేను వెళ్తున్నాను అంది వదిన. నేనూ వస్తానంది అత్తగారు. కొట్టు కట్టేసి తిన్నగా అక్కడికే వస్తాను, నేనొచ్చేదాకా గొడవ పెట్టుకోకండి అని కొడుకు జేబులో పెన్నుందో లేదో తడుముకున్నాడు.



*

వాళ్లు వెళ్లేసరికి బయట పొద్దు వాలిపోయింది. గేటు దగ్గర కాపలావాడి మొహం కూడా సరిగ్గా ఆనలేదు. మెట్లెక్కి వార్డు తలుపు తోసేసరికి వదిన చెయ్యి దానంతటదే కళ్లకి అడ్డం వెళ్లింది.

లోపల మిట్టమధ్యాహ్నం.

“చూశావా, ఎంత కళకళలాడుతోందో,” అంది అత్తగారు. అంత భయంలోనూ ఆవిడ గొంతులో చిన్న గర్వం తొంగి చూసింది. “ఇదివరకు గుడ్డి దీపాలు. మనిషి మొహం మనిషికి కనబడేది కాదు.”

వదిన అప్పటికి ఆ మాట పట్టించుకోలేదు. ఆమె కళ్లు చిట్టి కోసం వెతుకుతున్నాయి.

భోజనాల గదిలో రోగులూ బంధువులూ బల్లల చుట్టూ కూర్చున్నారు. ఎవరి మొహంలోనూ సాయంత్రపు అలసట లేదు. ఒకాయన గోడ వెంట అటూ ఇటూ నడుస్తున్నాడు. ఒకావిడ దుప్పటి తల మీంచి కప్పుకుంది. అందరి గొంతులూ ఒక మెట్టు పైనే పలుకుతున్నాయి. చిట్టి కనబడలేదు. ఆమె మాట మాత్రం ఆ మూల బల్ల కింద నుంచి గలగలా పారుతోంది.

వదిన ఒంగి చూసింది. చిట్టి మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చుంది. చెంపలు లోపలికి పోయాయి. కళ్లు మాత్రం కొత్త బల్బుల్లా ఉన్నాయి.

“వచ్చావా వదినా! నీ బస్సు హారన్ ఒకసారి అరువియ్యి. ఇక్కడ అందరూ నత్తల్లా నడుస్తారు. నర్సు నడక చూశావా, గుడ్లు మోస్తున్నట్టు. అమ్మ వచ్చిందా? అమ్మకి చెప్పకు, నేను రాత్రి మొత్తం వార్డు గోడలు కొలిచేశాను, రెండోసారి కొలిస్తే ఒక గోడ పెరిగింది, నిజం, గోడలు కూడా నిద్రపోకపోతే పెరుగుతాయి...” అంటూ ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోతోంది. నవ్వుతోంది. ఆ నవ్వు వింటుంటే వదినకి ఏడుపొచ్చింది.

ఉన్నట్టుండి చిట్టి గొంతు తగ్గించింది. “నన్ను లోపలికి పంపిస్తారట కదా.”

“ఎవరన్నారు?”

“ఎవరూ అనలేదు. అందరూ నాతో ముద్దుగా మాట్లాడుతున్నారు.” చిట్టి ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ వేళ్లు కాలిపోతున్నాయి. “నిజమేనా వదినా?”

“లేదు,” అంది వదిన. జీవితంలో ఇంత పెద్ద అబద్ధం ఇంత చిన్న మాటలో ఎప్పుడూ ఆడలేదు.

చిట్టి నమ్మిందో లేదో, కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది. “దా, కూర్చో. ఇక్కడ కొంచెం సాయంత్రం ఉంది. బయట ఎక్కడా లేదు. ఇక్కడ పొద్దు గూకదు వదినా. ఎంతసేపు చూసినా గూకదు.”

పిచ్చిదాని మాట అనుకోవచ్చు. అందరూ అలాగే అనుకున్నారు. చీటీ మీద రాసి డాక్టరుకి పంపారు కూడా, బల్ల కింద దూరుతోంది అని. వదిన మాత్రం చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, అందరూ చూస్తుండగా, ఆ బల్ల కిందికి దూరింది.

అక్కడ నిజంగానే సాయంత్రం ఉంది. బల్ల చెక్క నీడలో కళ్లు సేదతీరాయి. చిట్టి ఇంకా ఏదో చెబుతూనే వదిన భుజానికి తల ఆనించింది. మాటల మధ్య ఎడం వచ్చింది. గోడ కొలత ఎక్కడో సగంలో ఆగిపోయింది. వదిన ఊపిరి బిగబట్టి కూర్చుంది. భుజం మీద బరువు పెరిగింది. ఎన్నాళ్లుగానో మూతపడని ఆ కళ్లు మూతపడ్డాయి.

“బల్ల కింద కూర్చోకూడదమ్మా. రూలు,” అంటూ ఆయా వచ్చి బల్లని అవతలికి లాగేసింది.

తెల్లటి వెలుగు ఒక్కసారిగా మొహాన కొట్టింది. చిట్టి ఉలిక్కిపడి లేచింది. తెగిపోయిన మాట మళ్లీ అందుకుంది, ఈసారి ఇంకా గట్టిగా, ఇంకా వేగంగా. ఏమంటోందో ఆమెకే తెలియడం లేదు. వదిన తల ఎత్తి పైకప్పు కేసి చూసింది. ఆమె గుండెల్లో భయం ఉన్నచోటే కోపం కూడా వచ్చి కూర్చుంది.

సాయంత్రపు నర్సుని మందుల గది దగ్గర నిలేసింది. లైట్లు ఎందుకు తగ్గలేదు?

నర్సు అటూ ఇటూ చూసింది. “కిందటి వారం బంధువులంతా కలిసి సూపరింటెండెంటు గారి మీద పడ్డారక్కా. వార్డు చీకటి కొట్టులా ఉంది, మా వాళ్లని ఇందులో పడేశారా అని. ఆయన మధ్యాహ్నం వెలుగు మీదే ఆపేయమన్నారు. పడుకునే వేళకి ఒక్కసారిగా ఆర్పేస్తున్నాం. అప్పటికి ఎవరికి నిద్రొస్తుంది?”

“డాక్టరమ్మ చూస్తూ ఊరుకుందా?”

“ఆవిడ పొద్దునొచ్చి మధ్యాహ్నం వెళ్లిపోతారు. ఆవిడ చూసే లైటు ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది.”

సూపరింటెండెంటు డాక్టరుకి చెప్పి ఉంటాడని నర్సు అనుకుంది. నర్సు చెప్పి ఉంటుందని సూపరింటెండెంటు అనుకున్నాడు. రోగులు ఎందుకు రెచ్చిపోతున్నారో తెలియక డాక్టరు మందులు పెంచుకుంటూ పోయింది. ఇంతమంది చదువుకున్నవాళ్లలో సాయంత్రం పూట తల ఎత్తి పైకప్పు చూసినవాళ్లు లేకపోయారు! వదిన అక్కడికక్కడే డాక్టరమ్మకి ఫోను కలిపింది. స్విచాఫ్.

“ఈ వెలుగు కావాలని ముందుగా అడిగింది ఎవరు?” అంది.

 నర్సు వదిన భుజం మీంచి ఆమె వెనక్కి చూసింది. వెనక అత్తగారు నిలబడి ఉంది, తేలు కుట్టిన దొంగలా. మళ్లీ కళ్లజోడు తుడుచుకుంటోంది.

తలుపు దగ్గర అత్తగారి గొంతులో విన్న గర్వం వదినకి ఇప్పుడర్థమైంది.

అత్తగారి వయసంతా బొత్తాల ఫ్యాక్టరీలో పోయింది. ఒకే ఒక్క గుడ్డి బల్బు కింద తెల్ల బొత్తాలొకవైపు, పాలరంగు బొత్తాలొకవైపు ఏరుతూ కళ్లు పోగొట్టుకుంది. ఒక కంట్లో పొర, ఇంకో కంట్లో నీరు. ఆవిడకి మసక వెలుతురంటే ఆ ఫ్యాక్టరీయే. కూతురు కూర్చున్న గది ఎర్రగా మసకబారుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయింది. నా బతుకు నా పిల్లకి వద్దనుకుంది. పదిమందిని కూడగట్టింది. జీవితంలో మొదటిసారి ఒక ఆఫీసరు ఎదుట నిలబడి నోరు తెరిచింది. అడిగింది జరిగింది కూడా. ఎంత మురిసిపోయి ఉంటుందో!

“అత్తయ్యా,” అంది వదిన నెమ్మదిగా.

అత్తగారు తల అడ్డంగా ఊపింది. ఏమీ అడగకముందే ఊపింది.

*

సూపరింటెండెంటు మెత్తని మనిషి. కోపం రాదు, మాట తూలదు, పని జరగదు. కబురు పెడితే భోజనాల గదికే వచ్చి, వదిన చెప్పిందంతా చేతులు కట్టుకుని విన్నాడు. నిజమేనమ్మా, నిజమే అన్నాడు. అయితే తగ్గించండి అంటే మాత్రం గది నిండా ఉన్న బంధువుల వైపు చెయ్యి చూపించాడు. బొంగురు గొంతు తండ్రి ఒకాయన అప్పటికే లేచి నిలబడ్డాడు. మా వాడికి చీకటంటే భయం, మీ పిల్ల కోసం అందర్నీ చీకట్లో కూర్చోబెడతారా అని మొదలుపెట్టాడు. పక్కవాళ్లు ఆయనకి తాళం వేశారు.

చీకటి కాదండీ, సాయంత్రం అని వదిన చెప్పబోయింది. మీ వాడు కూడా తిన్నగా నిద్రపోవడం లేదు, అడగండి అంది. వినేవాళ్లెవరు? నిన్నటిదాకా మొహం చూపించని కోడలు ఇవాళొచ్చి పెత్తనం చేస్తోందని ఎవరో వెనక నుంచి అన్నారు.

“చూశారుగా,” అన్నాడు సూపరింటెండెంటు. “ఒకసారి మార్చి తిట్లు తిన్నాను. మళ్లీ నా అంతట నేను మార్చను. ఆ రోజు అందరి తరఫునా మాట్లాడినవాళ్లు వచ్చి, పొరపాటైంది, తగ్గించండి అంటే ఈ క్షణమే తగ్గిస్తాను. మీ అమ్మాయి నిద్రపోతుందేమో ఇంకో నాలుగు రోజులు చూద్దాం అని డాక్టరుగారికి నేనే చెబుతాను.” అని అత్తగారి వైపు తిరిగాడు. “అమ్మగారూ, ఆ రోజు మాట్లాడింది మీరే కదా?”

అందరి చూపూ అత్తగారి మీదికి మళ్లింది. చిట్టి గొంతు ఒక్కటే ఆ మూల గోడల్ని కొలుస్తోంది.

అప్పుడే తలుపు తోసుకుని కొడుకు వచ్చాడు. చెమటతో చొక్కా వీపుకి అంటుకుపోయింది. పెన్ను చేతిలోనే ఉంది. “ఏంటమ్మా? ఏం మాట్లాడావు నువ్వు?” అన్నాడు.

అత్తగారు కొడుకు మొహం చూసింది. గుంపు మొహం చూసింది. కూతురున్న మూలకి మాత్రం చూపు తిప్పలేదు. 

“నేనా? నేనెందుకడుగుతాను?” అంది.

సూపరింటెండెంటు తేలిగ్గా ఊపిరి వదిలాడు. అతని నెత్తి మీది బరువు దిగిపోయింది. మరి ఆలస్యమెందుకు, సంతకం ఇటు బల్ల మీద అంటూ కొడుక్కి దారి చూపించాడు. నర్సు నేల చూపులు చూస్తోంది. ఆమె నోరు తెరిస్తే ఉద్యోగం ఊడుతుంది. వదిన తెరిస్తే కోడలు అత్త మీద నింద వేసిందంటారు. గుంపులో అందరికీ నిజం తెలుసు, ఎవరికీ అవసరం లేదు.

కొడుకు కుర్చీ లాక్కున్నాడు. పెన్ను మూత తీశాడు.

వదిన పరుగున వెళ్లి ఆ బల్ల మీద రెండు చేతులూ ఆనించి అడ్డం నిలబడింది.  పక్కకి తప్పుకో అన్నాడు మొగుడు. ఆమె తప్పుకోలేదు. అతని వైపు చూడనూ లేదు.

“అత్తయ్యా, మీరు ప్రేమకొద్దీ చేశారు. మిమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనరు, నేను అననివ్వను. అంటే ముందు నన్ననాలి. కానీ ఈ కాగితం మీద పెన్ను పడ్డాక మీరూ నేనూ ఎంత ఏడ్చినా చిట్టి వెనక్కి రాదు. వాళ్లెవరి కేసీ చూడకండి. మీ కూతురి కేసి చూడండి. చూసి, ఆ లైట్లు తగ్గించమని మీ నోటితో చెప్పండి. రేపు కాదు. ఇంటికెళ్లాక కాదు. ఇప్పుడు చెప్పండి.”